రేపల్లె రైలు దిగి... వర్సిటీ మెట్లెక్కి!

డిగ్రీ అయ్యాక ఏం చేస్తావ్? చిన్న ఊళ్లో సైన్సు చదివే పిల్లల్ని బాగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇదే. జవాబుల్లేక కాదు, వేళకు చెప్పేవాళ్లు లేక!

పొద్దున్నే రేపల్లెలో తెనాలి రైలెక్కి చూడండి. భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్‌ బాక్సు, ఒళ్లో ప్రాక్టికల్స్‌ రికార్డు. కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, బొమ్మలు అక్కడే పూర్తయిపోతాయి. వీళ్లలో చాలామంది ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం. నాన్నకు తెలిసింది పొలం, అమ్మకు తెలిసింది ఇల్లు. ఎమ్మెస్సీకి ఎక్కడెక్కడ సీట్లుంటాయో, ఏ పరీక్ష ఎప్పుడు రాయాలో ఆ ఇంట్లో ఎవరిని అడగాలి?

ఈ నేలకు సైన్సు కొత్త కాదు. ప్రపంచం మెచ్చిన తోళ్ల శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ పుట్టింది తెనాలి దగ్గరి ఎలవర్రులో, 1922లో. రైతు బిడ్డ. గుంటూరు ఏసీ కాలేజీలో ఇంటర్‌ చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని, అమెరికాలోని లీహై వర్సిటీలో పరిశోధన చేశారు. తర్వాత మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు, ఆపైన సీఎస్‌ఐఆర్‌కు సారథి అయ్యారు. పల్లె నుంచి పెద్ద విద్యాసంస్థకు వెళ్లే దారి అప్పుడూ ఉంది. ఇప్పుడు ఆ దారులు ఇంకా ఎక్కువయ్యాయి.

ఫలితాలొచ్చే దాకా ఆగితే...

ఈ మూడు ఊళ్ల డిగ్రీ కాలేజీలకు పెద్దదిక్కు 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం. ఒకప్పుడు పీజీలో చేరాలంటే ఒక్కో వర్సిటీకి ఒక్కో ప్రవేశ పరీక్ష రాయాల్సి వచ్చేది. 2021లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ పీజీసెట్‌ వచ్చింది. మన విద్యార్థులకు బాగా తెలిసిన గుమ్మం ఇదే.

తెలియని గుమ్మాలూ ఉన్నాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయాలంటే జామ్‌ రాయాలి. 2004 నుంచి జరుగుతున్న ఈ పరీక్షలో అరవై ప్రశ్నలు, వంద మార్కులు, మూడు గంటల సమయం. మాథ్స్‌, ఫిజిక్స్‌, కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ... ఇలా ఏడు పేపర్లుంటాయి. ఇక కేంద్రీయ విశ్వవిద్యాలయాల కోసం 2022లో సీయూఈటీ పీజీ మొదలైంది.

చిక్కంతా తేదీల దగ్గరే. జామ్‌కు దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరుల్లో తీసుకుంటారు. పరీక్ష ఫిబ్రవరిలో. అంటే ఆఖరి ఏడాది సగం గడవకముందే అప్లికేషన్‌ పంపేయాలి! ‘ముందు డిగ్రీ పాసవనీ, తర్వాత చూద్దాం’ అని కూర్చున్న కుర్రాడికి ఆ ఏడాది జామ్‌ తలుపు మూసుకుపోయినట్లే. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్లు... తెలివి ఉంది, అర్హత ఉంది, లేనిదల్లా సమాచారమే.

పాలిటెక్నిక్‌ నుంచి పైకి

పదో తరగతి కాగానే డిప్లొమాలో చేరినవాళ్ల కోసం ఈసెట్‌ ఉంది. ర్యాంకు వస్తే నేరుగా బీటెక్‌ రెండో ఏడాదిలో చేరొచ్చు. రెండొందల మార్కుల పేపర్లో సగం ఇంజినీరింగ్‌ సబ్జెక్టు. మిగతా సగంలో మాథ్స్‌కు 50, ఫిజిక్స్‌, కెమిస్ట్రీలకు చెరో 25. బీఎస్సీ మాథ్స్‌ చదివినవాళ్లూ ఈసెట్‌ రాయొచ్చన్న సంగతి చాలామంది చెవిన పడనే లేదు!

బాపట్ల అనగానే గుర్తొచ్చేది 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల. వ్యవసాయ డిప్లొమా చేసినవాళ్లు బీఎస్సీ అగ్రికల్చర్‌లోకి వెళ్లేందుకు ఎన్‌జీ రంగా వర్సిటీ అగ్రిసెట్‌ నిర్వహిస్తుంది. పొలం గట్టున పెరిగిన పిల్లలకు అచ్చంగా నప్పే దారి ఇది.

సీటొచ్చాకే అసలు కథ

సీటు రాగానే ఇంట్లో పండగే. కానీ చాలామంది తడబడేది ఆ తర్వాతే. డిప్లొమా నుంచి వెళ్లినవాళ్లకు బీటెక్‌ మొదటి ఏడాది మాథ్స్‌ ఉండదు. రెండో ఏడాది పాఠం మాత్రం అది వచ్చేసినట్లే సాగిపోతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు సబ్జెక్టు తెలిసినా సెమినార్‌లో నోరు పెగలదు. మొదటి సెమిస్టర్లో ఒకట్రెండు బ్యాక్‌లాగ్‌లు పడితే చాలు, ‘ఇది నావల్ల కాదు’ అనిపిస్తుంది. అక్కడ పట్టుకునే చెయ్యి ఉంటే చదువు నిలుస్తుంది. లేదంటే పెట్టె సర్దుకుని ఇంటికే!

అమ్మాయిల విషయంలో ఇంకో గడియారం తిరుగుతుంటుంది. సీటు పోయి ఏడాది ఖాళీగా ఉంటే ఇంట్లో పెళ్లి మాటలు మొదలవుతాయి. ఒక్క తేదీ మర్చిపోయినందుకు చదువే ఆగిపోవచ్చు.

ఏం చేయొచ్చు?

ఖర్చుతో పనిలేని ఉపాయాలు కొన్ని...

* రెండో ఏడాదిలోనే ప్రవేశ పరీక్షల తేదీలు నోటీసు బోర్డుకెక్కాలి. దరఖాస్తు నింపేది ల్యాబ్‌ కంప్యూటర్లోనే అయితే ఇంకా మంచిది.

* వర్సిటీకి వెళ్లిన సీనియర్‌ సంక్రాంతికి ఎలాగూ ఊరొస్తాడు. ఓ పూట కాలేజీకి పిలిచి మాట్లాడించండి. గెస్ట్‌ లెక్చర్‌ కన్నా ‘మన ఊరి అన్న’ మాట బాగా తలకెక్కుతుంది.

* చేరబోయే ముందు వేసవిలో వెనకబడిన సబ్జెక్టు పూర్తిచేయాలి. ఐఐటీ అధ్యాపకుల ఎన్‌పీటీఈఎల్‌ పాఠాలు, 2017లో మొదలైన స్వయం కోర్సులు ఉచితంగా వినొచ్చు.

* టీసీ, మార్కుల జాబితాలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే సిద్ధం చేసుకోవాలి. కౌన్సెలింగ్‌ నాడు పరుగులు పెడితే లాభం లేదు.

* మొదటి సెమిస్టర్లో మార్కులు తగ్గాయని పిల్లాడు ఫోన్‌ చేస్తే ‘వచ్చేయ్‌’ అనకండి. ‘సారును అడుగు నాయనా’ అనండి.

సాయంత్రం అదే రైలు తెనాలి నుంచి రేపల్లెకు తిరిగొస్తుంది. పక్క సీట్లో కూర్చున్న పిల్ల రికార్డు రాసుకుంటూ కనిపిస్తే ‘ఏం చదువుతున్నావమ్మా?’ అని అడిగి ఊరుకోకండి. ‘జామ్‌కు అప్లై చేశావా?’ అని కూడా అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఆ పిల్ల దారే మారిపోవచ్చు!