మడమ ఎత్తిన బూటు

రన్నింగ్ షూ ఒకటి చేతిలోకి తీసుకుని, మడమ పక్కన సోలును బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలు లోపలికి దిగుతుంది. ఆ మెత్తదనం కోసమే మనం వేల రూపాయలు పోసి కొంటాం. పరుగెత్తేటప్పుడు అడుగడుగుకీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి కాలి మీద పడుతుంది. ఆ దెబ్బను ఓర్చుకోవడానికే 1970ల మధ్యలో బ్రూక్స్ కంపెనీ ఈవీఏ అనే తేలికపాటి నురగ పదార్థాన్ని సోల్లోకి తెచ్చింది. రోడ్డు మీద అది నిజంగా మేలు చేసే వస్తువే.

చిక్కల్లా అదే షూతో జిమ్‌లో బార్ కిందికి వెళ్లినప్పుడు వస్తుంది. 80 కిలోలు భుజాల మీద మోస్తూ కూర్చుని లేస్తుంటే ఆ నురగ అన్నివైపులా ఒకేలా అణగదు. లోపలి అంచు ఎక్కువగా నలిగితే పాదం లోపలికి వాలుతుంది, దాని వెంటే మోకాలూ వాలుతుంది. ఏడాదిపాటు బరువులెత్తడానికి వాడిన రన్నింగ్ షూని బల్ల మీద పెట్టి వెనకనుంచి చూస్తే సంగతి తెలిసిపోతుంది. సోలు పక్కన అడ్డంగా ముడతలు పడి ఉంటాయి, మడమ భాగం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. మెత్తటి సోలు బలాన్ని మింగేస్తుందని జిమ్‌లో తరచూ అంటుంటారు. నన్నడిగితే అసలు నష్టం బలానికి కాదు, నిలకడకి.

వెయిట్‌లిఫ్టర్లకి ఈ విషయం ఎప్పుడో తెలుసు. వాళ్ల బూటు పుట్టుక వెనక ఉన్నది ఫ్యాషన్ కాదు, బరువెత్తే పద్ధతిలో వచ్చిన మార్పు. తొలితరం లిఫ్టర్లలో ఎక్కువమంది ‘స్ప్లిట్’ పద్ధతిలో ఎత్తేవారు. బార్ పైకి లేవగానే ఒక కాలు ముందుకీ ఇంకో కాలు వెనక్కీ చాచి దాని కిందికి దూరడం అన్నమాట. వెనక కాలు మునివేళ్ల మీద ఆనుతుంది కాబట్టి, బూటు వేళ్ల దగ్గర వంగితే చాలు. 1950లు, 60లలో ‘స్క్వాట్’ పద్ధతి పైచేయి సాధించింది. లిఫ్టర్ నిట్టనిలువుగా పూర్తిగా కిందికి కూర్చుని బార్‌ని అందుకుంటాడు. అలా చేస్తే బార్‌ని అంత ఎత్తుకి లాగనక్కర్లేదు, అందుకే ఎక్కువ బరువు ఎత్తొచ్చు. అప్పటినుంచి భారమంతా చీలమండ మీద పడింది.

ఎందుకో చూద్దాం. మనిషి, బార్ కలిసిన మొత్తం బరువు పాదం నడిమధ్య మీదుగా నేలకి దిగాలి. ముందుకో వెనక్కో జరిగితే పడిపోతాం. లోతుగా కూర్చోవాలంటే మోకాళ్లు వేళ్లను దాటి ముందుకి రావాలి, అంటే చీలమండ బాగా వంగాలి. అది బిగుసుకుపోయి ఉంటే మోకాలు ముందుకి రాదు. దాంతో పిరుదులు వెనక్కిపోతాయి, తూకం కోసం ఛాతీ ముందుకి వాలుతుంది. తలపైన బార్ ఉన్నప్పుడు ఛాతీ వాలిందంటే ఆ ప్రయత్నం పోయినట్టే. మడమ కింద ఓ రెండు సెంటీమీటర్ల గట్టి ఎత్తు పెడితే, చీలమండ అంతే వంగినా పిక్క మరింత ముందుకి వాలుతుంది, వెన్ను నిటారుగా నిలుస్తుంది. ఇప్పటికీ జిమ్‌లలో మడమల కింద చిన్న ప్లేట్లు పెట్టుకుని స్క్వాట్లు తీసేవాళ్లని చూస్తుంటాం. లిఫ్టింగ్ షూ అంటే ఆ ప్లేటు పాదానికే అమరిపోవడం.

మన పల్లెల్లో మడమలు ఎత్తకుండా గొంతుక్కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పగలిగే పెద్దవాళ్లకి ఈ ఎత్తుతో పెద్దగా పని లేదు. చిన్నప్పటినుంచీ కుర్చీలకీ కమోడ్‌లకీ అలవాటుపడ్డవాళ్లలో చాలామందికి చీలమండ అంత వంగదు. తొడ ఎముక పొడుగ్గా ఉన్నవాళ్లకీ ఇబ్బందే. కొనేముందు ఇంట్లోనే ఉత్తకాళ్లతో గొంతుక్కూర్చుని చూసుకోండి. మడమలు లేచిపోతుంటే ఎత్తు మడమ షూ మీకు పనికొస్తుంది.

పాతకాలపు లిఫ్టింగ్ బూటును విప్పి చూస్తే మడమలో చెక్కో, ఒకదానిమీద ఒకటి అంటించిన తోలు పొరలో ఉంటాయి. నురగ చుక్కైనా ఉండదు. పాదం పక్కకి జారకుండా పైన అడ్డంగా పట్టీ ఉంటుంది. పోటీల నిబంధనల్లో సోలు ఎంత మందం ఉండాలన్న పరిమితి లేదు గానీ, అది పక్కలకి 5 మిల్లీమీటర్లకి మించి బయటికి రాకూడదని ఉంది. ఆ గట్టి సోలు ఎందుకో ఒక్క ఉదాహరణ చాలు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. బార్‌ని భుజాల మీదినుంచి తలపైకి నెట్టే జెర్క్‌లో పాదాలు క్షణంపాటు నేలని వదిలి మళ్లీ దిగుతాయి. 130 కిలోలు తలపైకి వెళ్తుండగా దిగే ఆ పాదాల కింద గట్టి సోలుండాలి. ఆ క్షణాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి నైకీ తెచ్చిన రొమలియోస్ బూటుతో గట్టి ప్లాస్టిక్ మడమకి పేరొచ్చింది. మడమ పదార్థం మారింది, సూత్రం మారలేదు.

మామూలు జిమ్ మనిషి కథ వేరు. అతను ఒకే గంటలో పరుగూ తీస్తాడు, బరువులూ ఎత్తుతాడు. పోర్ట్‌లాండ్‌లో జిమ్‌కి వచ్చేవాళ్లు ఒక్కో పనికి ఒక్కో షూ మోసుకురావడం టింకర్ హాట్‌ఫీల్డ్ గమనించాడు. ఆర్కిటెక్చర్ చదివి నైకీలో షూ డిజైనర్ అయినవాడు. మడమ కిందికి దించి, అడుగు వెడల్పు చేసి, ముందుభాగానికి పట్టీ వేసి అతను గీసిన ఎయిర్ ట్రైనర్ 1987లో బజారుకి వచ్చింది. టెన్నిస్ ఆటగాడు జాన్ మెకెన్రో దాన్ని అంతకుముందే కోర్టులో తొడిగేశాడు. 2011లో వచ్చిన రీబాక్ నానో వంటివి అదే దారిలో పుట్టాయి. అన్నీ కొంచెం కొంచెం చేసేవాళ్లకి ఇవే సరైనవి.

బార్‌ని నేలమీదినుంచి లాగే డెడ్‌లిఫ్ట్‌కి మాత్రం ఎత్తు మడమ వద్దు. పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి బార్ నేలనుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తునే మొదలవుతుంది. మీరెంత ఎత్తు మీద నిలబడితే బార్‌ని అంత ఎక్కువ దూరం లాగాలి. అందుకే పవర్‌లిఫ్టర్లు 1917లో బాస్కెట్‌బాల్ కోసం పుట్టిన కన్వర్స్ ఆల్‌స్టార్‌ని ఈనాటికీ వదల్లేదు. పల్చటి రబ్బరు అడుగు, పైన గుడ్డ, అంతే. స్కూల్లో మనం తొడిగిన పీటీ కాన్వాస్ షూ కూడా ఆ కోవలోదే. కొత్తగా జిమ్‌లో చేరినవాళ్లకి నేను ముందు దాన్నే చెబుతాను. ఉత్తకాళ్లతోనూ చేయొచ్చు గానీ, షుగర్ ఉన్నవాళ్లు ఆ పని చేయొద్దు. స్పర్శ తగ్గిన పాదానికి దెబ్బ తగిలినా తెలియదు.

ఏది కొన్నా సాయంత్రం వెళ్లి కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. లోపల వేళ్లు విచ్చుకోవాలి, మడమ పైకి జారకూడదు. తయారైన నెల, సంవత్సరం కూడా చూడండి. చాలా షూలలో అది నాలుక లోపలి చీటీ మీద ఉంటుంది. పాలీయురేథేన్ సోళ్లను గాలిలోని తేమ మెల్లగా విడగొడుతుంది. తొడగకుండా డబ్బాలో దాచిన జత కూడా, విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లో, కొన్నేళ్లకి తొడగ్గానే పొడిపొడిగా రాలిపోవచ్చు. తోలు పొరల మడమకి ఆ బెడద లేదు. అరిగితే చెప్పులు కుట్టేవాళ్లు కొత్త పొర వేసి ఇవ్వగలరు.