కంటికి ఒక తోడు

పోయిన వేసవిలో ఒక పెద్దమ్మ మా కంటి విభాగానికి వచ్చారు. రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడి కంటిది బాగా ముదిరింది. ఆపరేషన్ ఉచితమని చెప్పి తేదీ ఇచ్చాము. రాలేదు. మళ్లీ తేదీ ఇచ్చాము. అప్పుడూ రాలేదు. కొడుకు పనికోసం హైదరాబాదు వెళ్లాడు. కోడలికి చంటిబిడ్డ. వెంట వచ్చేవారు లేరు.

మూడోసారి విపరీతమైన నొప్పితో వచ్చారు. శుక్లం ఉబ్బి, కంటిలో ఒత్తిడి పెరిగి, నీటికాసులకు దారితీసింది. నొప్పి తగ్గించగలిగాము గాని ఆ కంటికి చూపు తేలేకపోయాము. ఎడమ కంటికి ఆపరేషన్ చేస్తే బాగా కనిపిస్తోంది. "తేదీ ఇచ్చాము కదా" అనుకున్నామే తప్ప "ఎవరితో వస్తారమ్మా?" అని మేము ఒక్కమాట అడగలేదు. అది మా లోపమే.

శుక్లం అంటే ఏమిటి?

మన కంటిలో అద్దంలాంటి లెన్సు ఉంటుంది. వయసుతో అది మసకబారుతుంది. దీన్నే పొర అనీ, మోతిబిందు అనీ అంటారు. చుక్కల మందుతో, ఆకు పసరుతో ఇది కరగదు. మసకబారిన లెన్సు తీసి కృత్రిమ లెన్సు పెట్టడమొక్కటే మార్గం. అలాంటి లెన్సును మొదటిసారి 1949లో లండన్‌లో డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ అమర్చారు. ఈ రోజుల్లో ఆపరేషన్ సాధారణంగా అరగంటలోపే అయిపోతుంది. ఎక్కువమందికి కుట్లు కూడా పడవు.

అయినా శుక్లం వల్ల చూపు తగ్గినవారు, పూర్తిగా పోయినవారు ప్రపంచంలో సుమారు 9 కోట్ల 40 లక్షలమంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆపరేషన్ అందనివారిలో ఆడవారు, పల్లెల్లో ఉండేవారు ఎక్కువ.

ఖర్చు ఎలా తగ్గింది?

ఒకప్పుడు విదేశీ లెన్సు ఒక్కటే వంద డాలర్ల వరకు పలికేది. మదురైలో 1976లో డాక్టర్ వెంకటస్వామి 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించారు. కట్టగలిగినవారి ఫీజుతో పేదవారికి ఉచితంగా ఆపరేషన్లు చేశారు. 1992లో ఆరోల్యాబ్ పేరుతో అక్కడే లెన్సుల తయారీ మొదలై ధర కొద్ది డాలర్లకు దిగింది. నేపాల్‌లో డాక్టర్ సందుక్ రూయిత్ 1994లో ఖాట్మండులో తిల్‌గంగ కంటి ఆసుపత్రిని స్థాపించినవారిలో ఒకరు. ఖరీదైన యంత్రం లేకుండా, చిన్న కోతతో, కుట్లు లేకుండా చేసే పద్ధతిని ఆయన కొండప్రాంతాల పల్లెలకు తీసుకువెళ్లారు.

దూరం ఎలా తగ్గింది?

ఆఫ్రికాలోని గాంబియా చాలా చిన్న దేశం. అక్కడ కంటి డాక్టర్లు చాలా తక్కువ. అందుకని నర్సులతో సహా ఇతర వైద్య సిబ్బందికి శిక్షణ ఇచ్చి శుక్లం ఆపరేషన్లు చేయించారు. నర్సులమైన మాకు ఇది ఎంతో సంతోషం కలిగించే విషయం. పల్లెల్లో చూపు తగ్గినవారిని గుర్తించి ఆసుపత్రికి పంపడానికి ఊరివారినే నియమించారు. వారిని "న్యాతేరో" అంటారు. కంటికి స్నేహితుడు అని అర్థం. 1986లో అక్కడ ప్రతి వెయ్యిమందిలో 7గురికి చూపు లేదు. 1996 నాటికి ఆ సంఖ్య సుమారు 4కు తగ్గింది.

మన దగ్గర 1987లో హైదరాబాదులో ప్రారంభమైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెలకు దగ్గరగా విజన్ సెంటర్లు పెట్టింది. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పథకాలు మొదలై ఊరూరా కళ్లు పరీక్షించారు. అయితే పరీక్ష తర్వాత ఆసుపత్రి దాకా చేయిపట్టి నడిపించే మనిషి కూడా కావాలి.

మీ ఇంట్లో గమనించండి

1. అమ్మమ్మ, తాతయ్య బియ్యంలో రాళ్లు ఏరలేకపోతున్నారా? పాటల పుస్తకం మూసేసి "నాకు కంఠతా వచ్చులే" అంటున్నారా? ఒక్కొక్క కన్ను మూసి, రెండో కంటితో చూడమనండి.

2. "బాగా ముదిరాక తీయిద్దాం" అని ఆగకండి. రోజువారీ పనికి ఇబ్బంది మొదలైతే చూపించండి.

3. షుగరు, బి.పి. మందుల చీటీ వెంట తీసుకురండి.

4. ఆపరేషన్ తర్వాత చెప్పినన్ని రోజులు చుక్కల మందు వేయండి. కన్ను నలపనివ్వకండి. నొప్పి, ఎరుపు ఎక్కువైనా, చూపు తగ్గినా అదేరోజు తీసుకురండి.

ఇప్పుడు మేము తేదీ రాసేటప్పుడే తోడు వచ్చేవారి పేరు కూడా రాసుకుంటున్నాము. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ ఊరినుండి వచ్చే మరో రోగి కుటుంబంతో కలిపి పంపే ఏర్పాటు చూస్తున్నాము. మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దమ్మ ఎవరైనా ఉంటే ఆమెకు ఒక్కరోజు మీరు తోడు రండి. ఆ గడిలో మీ పేరు రాసుకుంటాము.