ఎనేబుల్ కాదన్న సర్వీసు: అసలు లోపం వేరే

మా సంఘం గ్రంథాలయంలో పుస్తకాల పట్టిక, సభ్యుల జాబితా ఒక ఉబుంటు కంప్యూటరులోనే ఉన్నాయి. ఆన్ చేయగానే పట్టిక సర్వరు మొదలయ్యే ఆదేశం, ఈటీసీ ఫోల్డరులోని 'ఆర్‌సీ డాట్ లోకల్' ఫైలులో ఉండేది. కొత్త వెర్షన్ వేశాక ఆ ఫైలు కనబడలేదు. పాత కాగితం చూసి మళ్ళీ టైపు చేశాం, సర్వరు లేవలేదు.

ఉబుంటులో 15.04 నుంచి ఈ పనులు సిస్టమ్‌డీ చూస్తోంది. 'సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ ఆర్‌సీ-లోకల్' అని కొడితే, ఈ యూనిట్‌కు ఇన్‌స్టలేషన్ వివరాలు లేవని సందేశం వచ్చింది. ఏదో పాడైందనుకుని అంతా చెరిపి మళ్ళీ వేయబోయాం. జాబితాకు వేరే కాపీ లేదు. అది మా తప్పే.

నిజానికి ఆ సర్వీసును ఎనేబుల్ చేయనక్కర్లేదు. ఫైలు ఉండి, దానికి నడిచే అనుమతి ఉంటే సిస్టమ్‌డీ బూట్‌లో తానే కలుపుకొంటుంది. చేత్తో టైపు చేసిన ఫైలుకు ఆ అనుమతి రాదు. సుడోతో 'సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్' ఇచ్చి రీబూట్ చేశాం. ఈసారి 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్'! మొదటి వరుసలో బిన్ ఎస్‌హెచ్ పేరు రాయడం మరిచాం. అదీ చేర్చాక సర్వరు లేచింది.

మీ సంఘంలోనూ ఇదే సందేశం వస్తే ముందు 'ఎల్‌ఎస్ హైఫన్ ఎల్'తో అనుమతి చూడండి. ఆ తర్వాత 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఆర్‌సీ-లోకల్' చదవండి.