ఆరోగ్య బీమా హలాలేనా?

గుండెకు స్టెంట్ వేయాలని డాక్టరు చెప్పిన రోజు ఇంటిల్లిపాదీ ముందు వెతికేది డబ్బు కోసమే. పొలం తాకట్టు, ఆడవాళ్ల మెడలో బంగారం, చుట్టాల దగ్గర చేబదులు... ఆ గతి పట్టకముందే బీమా చేయించుకుందామనుకునే ముస్లిం కుటుంబానికి ఇంకో సందేహం అడ్డొస్తుంది. ఇది హలాలా, హరామా?

ముందుజాగ్రత్త పడటం తప్పు కాదు. ముందు ఒంటెను కట్టేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) ఒక వ్యక్తికి చెప్పినట్టు తిర్మిజీ హదీసు సంకలనంలో ఉంది. కాబట్టి ‘రోగం ఇచ్చేవాడూ తీసేవాడూ దేవుడే, బీమా ఎందుకు’ అన్న మాట ఇక్కడ వర్తించదు. ధర్మశాస్త్రవేత్తల అభ్యంతరమల్లా బీమా కంపెనీతో మనం చేసుకునే ఒప్పందం మీదే.

ఆ అభ్యంతరాలు మూడు. మొదటిది గరర్, అంటే ఏం కొంటున్నామో, ఎంత చేతికొస్తుందో తెలియని బేరం. నీళ్లలో ఉన్న చేపను అమ్మడం దీనికి పాత ఉదాహరణ. ఏడాదికి 20,000 రూపాయల ప్రీమియం కట్టిన మనిషికి ఆ ఏడు జలుబైనా చేయకపోవచ్చు, 5 లక్షల ఆపరేషనూ పడవచ్చు. రెండోది మైసిర్, జూదం. ఒకరు పోగొట్టుకుంటేనే ఇంకొకరికి దక్కే లావాదేవీలో ఆ పోలిక ఉందంటారు. మూడోది రిబా, వడ్డీ. కంపెనీలు ప్రీమియం సొమ్మును చాలావరకు వడ్డీ వచ్చే బాండ్లలో పెడతాయి. వడ్డీని, జూదాన్ని ఖుర్ఆన్ నేరుగా నిషేధించింది.

ఈ చర్చ నిన్నమొన్నటిది కాదు. యూరప్ వర్తకుల ఓడ బీమా గురించి డమాస్కస్‌కు చెందిన హనఫీ పండితుడు ఇబ్న్ ఆబిదీన్ 19వ శతాబ్దం తొలినాళ్లలోనే రాసి, అది చెల్లదన్నాడు. సిరియా పండితుడు ముస్తఫా జర్ఖా 1961లో డమాస్కస్ సదస్సులో దీనికి భిన్నంగా వాదించారు. కావలివాడిని పెట్టుకుంటే దొంగ రాని ఏడాది కూడా జీతం ఇస్తాం. అక్కడ మనం కొన్నది నిశ్చింత. బీమా కూడా అలాంటిదేనని ఆయన తర్కం. ఈ వాదానికి బలం ఉన్నా, ఎక్కువమంది పండితులు అటు మొగ్గలేదు. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1985లో, నిర్ణీత ప్రీమియంతో నడిచే వ్యాపార బీమా నిషిద్ధమని తీర్మానించింది. అదే తీర్మానంలో సహకార బీమా దారిని చూపించింది.

ఆ దారి పేరే తకాఫుల్, ఒకరికొకరు పూచీ పడటం. సభ్యులు కట్టే సొమ్ము ఇక్కడ కొనుగోలు ధర కాదు, తబర్రు, అంటే విరాళం. నిధి సభ్యులది. నడిపే సంస్థ తన పనికి రుసుము తీసుకుంటుంది. వడ్డీ, మద్యం వ్యాపారాల్లో పెట్టుబడి పెట్టదు. ఎవరికి జబ్బు చేస్తే వారికి నిధిలోంచి సాయం అందుతుంది. తెలియని రేపటి కోసం బేరం ఆడితే తప్పుగానీ, దానం ఇస్తే తప్పెలా అవుతుంది? గరర్ ముడి విడిపోయేది ఇక్కడే. సూడాన్‌లో 1979లో ఇలాంటి సంస్థ మొదలైంది. మలేసియా 1984లో ఏకంగా చట్టమే చేసింది.

మన దేశంలో అలాంటి పాలసీ దొరకదు. మరి ఏం చేయాలి? 2006లో మైసూరులో సమావేశమైన ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ, ఇండియా వైద్య బీమాను మామూలు పరిస్థితుల్లో సమ్మతించలేదు. చట్టం తప్పనిసరి చేసినచోట వెసులుబాటు ఇచ్చింది. అప్పుడు కూడా కట్టినదానికి మించి వైద్యానికి ఖర్చయితే, స్తోమత ఉన్నవారు అంత మొత్తం పుణ్యాపేక్ష లేకుండా దానం చేయాలంది. జీతంలో 0.75 శాతం కోసుకునే ఈఎస్ఐ చట్టం తప్పనిసరి చేసినది, మన ఇష్టంతో కుదుర్చుకున్నది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో పేదవాడు ఎవరితోనూ బేరం కుదుర్చుకోడు. ప్రభుత్వం వైద్యసాయం చేస్తుంది, అతను అందుకుంటాడు. వీటినీ, ఏజెంటు మాటతో మనంతట మనం కొనే పాలసీనీ ఒకే గాటన కట్టకూడదు. అందుకే ముఫ్తీగారి దగ్గరకు వెళ్లేటప్పుడు ‘బీమా చేయొచ్చా’ అని ఊరికే అడగకుండా పాలసీ కాగితాలు పట్టుకెళ్లాలి. ప్రీమియం ఎవరు కడుతున్నారు, తప్పనిసరా, వేరే దారి ఉందా, ఇంట్లో రోగి ఉన్నాడా అన్నవి చెప్పాలి. గత్యంతరం లేని అవసరానికి షరీఅత్‌లో చోటుంది. ఆ అవసరం ఎంతటిదో తేల్చాలంటే ఈ వివరాలన్నీ కావాలి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. యమన్ నుంచి వచ్చిన అష్అరీ తెగవారు తిండి తక్కువైనప్పుడు తమ దగ్గరున్నదంతా ఒకే గుడ్డలో పోసి, ఒకే గిన్నెతో కొలిచి సమానంగా పంచుకునేవారు. వాళ్లు నావాళ్లు, నేను వాళ్లవాణ్ని అన్న అర్థంలో ప్రవక్త (స) వారిని మెచ్చుకున్నట్టు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. పాలసీ కొనవద్దని పొరుగువాడికి చెప్పే హక్కు మనకుంది. అతని బిడ్డ ఐసీయూలో ఉన్న రాత్రి ఆసుపత్రి బిల్లు అతనొక్కడి మీదే పడకుండా చూసే బాధ్యత కూడా మనదే. మసీదు జమాఅత్‌లో, బస్తీలో, ఆఫీసులో పదిమంది కలిసి నెలనెలా కొంత వేసి వైద్య నిధి పెట్టుకోవడానికి ఎవరి ఫత్వా కోసమూ ఆగనక్కర్లేదు. హరాం అని చెప్పిన నోరే ఆ గుడ్డ పరుద్దాం రమ్మని కూడా పిలవాలి.