అరవై దాటాక మళ్లీ పైడల్ మీద కాలు

జనగామ, మానుకోట, భూపాలపల్లిల్లో ఇప్పుడు అరవై దాటినవాళ్లలో చాలామంది సైకిలు నేర్చింది సొంత బండి మీద కాదు. గంటకింత అని కిరాయికి తెచ్చుకొని, సీటు అందక, డండా కింది నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కినవాళ్లే. తర్వాత లూనా వచ్చింది, స్కూటరొచ్చింది. సైకిలు ఇంటి వెనక గోడకు ఒరిగింది.

సర్కారు కొలువైనా, సింగరేణి కొలువైనా 61కి ముగుస్తుంది. షుగరు, మోకాళ్లు మాట వినడం మానేసేదీ ఆ రోజుల్లోనే. డాక్టరు నడవమంటాడు. కొందరికి సైకిలు గుర్తొస్తుంది.

ఈ వయసులోనా?

డెన్మార్క్‌లో 50 వేల మందికి పైగా స్త్రీ పురుషుల మీద జరిగిన అధ్యయనం 2016లో ‘ప్లాస్ మెడిసిన్’ పత్రికలో వచ్చింది. యాభై దాటాక సైకిలు అలవాటు చేసుకున్నవాళ్లకు, తొక్కనివాళ్లకంటే టైప్-2 మధుమేహం ముప్పు 20 శాతం తక్కువని తేలింది. అంతా సైకిలు చలవే అనలేం కానీ, ఆలస్యమైపోయిందన్న మాటకు మాత్రం ఇది గట్టి జవాబే.

ఇంకా గట్టి జవాబు ఫ్రాన్స్‌కు చెందిన రాబెర్ మార్షాన్. 1911లో పుట్టాడు. పొట్టివాడివి, పందేలకు పనికిరావని కుర్రతనంలో అన్నారు. దశాబ్దాలు సైకిలు ముట్టని మనిషి 67 ఏళ్లప్పుడు మళ్లీ ఎక్కాడు. 102 ఏళ్ల వయసులో గంటకు 26.927 కిలోమీటర్లు, 105 ఏళ్లప్పుడు 22.547 కిలోమీటర్లు తొక్కాడు. 2021లో, 109 ఏళ్లకు పోయాడు.

అసలు దిగనివాళ్లూ ఉన్నారు. మానుకోట (మహబూబాబాద్) జిల్లాలోని గార్ల, బయ్యారం మండలాలు ఇల్లందు నియోజకవర్గం కిందికొస్తాయి. అక్కడ ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన గుమ్మడి నర్సయ్యను జనం గుర్తుపట్టేది సైకిలుతోనే. పెన్షన్ తీసుకునే పెద్దమనిషికి సైకిలంటే నామోషీ ఎందుకో మరి!

ఒకసారి నేర్చిన సైకిలు తూకం చిన్నమెదడులో ఉండిపోతుంది, నలభై ఏళ్లయినా పోదు. పట్టేసేది మెడ. వెనక వచ్చే బండిని తిరిగి చూడాలంటే హ్యాండిలూ దానితోపాటే తిరుగుతుంది. కాలు అంత ఎత్తు లేవదు కాబట్టి డండా లేని ‘లేడీస్ సైకిల్’ నయం, నవ్వేవాళ్లను నవ్వనివ్వాలి.

మోకాళ్ల నొప్పి చాలాసార్లు సీటు చేసే పనే. రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు దించేస్తారు, మోకాలు మడత విప్పుకోకుండానే బరువంతా మోస్తుంది. ఎవరినైనా హ్యాండిలు పట్టుకోమని సీటు మీద కూర్చొని, పైడల్ పూర్తిగా కిందికి తెచ్చి మడమ దాని మీద పెట్టాలి. కాలు నిటారుగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. మొదట్లో ధైర్యం చాలకపోతే సీటు కాస్త దించి, వారం వారం లేపుకోవచ్చు.

మోకాలికి మందుంది, లారీకి లేదు. 163వ జాతీయ రహదారి జనగామను ఆనుకునే పోతుంది. భూపాలపల్లి దిక్కున బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు. సైకిలుకంటూ వేరే దారి లేదు. పెద్దరోడ్డు మానేసి, తెల్లవారాక ఊళ్ల మధ్య రోడ్లు పట్టుకోవడమే తెలివి. హెల్మెట్, వెనక ఎర్రలైటు తప్పనిసరి. గుండెజబ్బు ఉంటే డాక్టరును అడిగాకే ఎక్కాలి.

గోడకు ఒరిగిన పాత బండే ఉంటే, తుడిచి ఎక్కేయకండి. ఏళ్ల తరబడి కదలని టైర్లు బీటలు వారతాయి, బ్రేకు రబ్బర్లు రాయిలా బిగుస్తాయి. ముందు అవి మార్పించండి.