చర్మపు వాకిటి కావలి

మానవ శరీరమును చర్మము కప్పియున్నది. అది వట్టి కప్పు కాదు. కోటవాకిటి కావలి వంటిది. రోగక్రిమి లోనికి జొరబడినచో మొదట పసిగట్టు రక్షకకణములు చర్మపు పొరలలో దట్టముగా నుండును. అవి శత్రువు ఆనవాళ్ళను లోపలి సైన్యమునకు తెలిపి దానిని మేల్కొలుపును. టీకా చేయు పనియు నిదియే. రోగము రాకమునుపే దాని ఆనవాళ్ళను చూపి, ఆ సైన్యమునకు తరిఫీదు నిచ్చును.

వృద్ధుల భుజములపై కానవచ్చు మచ్చలు మశూచి టీకా గుర్తులు. ఆ మందును సూదిమొనతో చర్మముననే నాటెడివారు. ఆ టీకా బలముచేతనే మశూచి భూమినుండి తొలగిపోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను.

2016లో హైదరాబాదు మురుగునీటిలో పోలియో వైరసు కనబడెను. జూన్ నెలలో వారము దినములలో మూడు లక్షలకు పైగా పిల్లలకు సూదిటీకా వేసిరి. ఆ కాలమున ఆ టీకా లోకమంతటను కొరతగా నుండెను. కండలోనికి ఎక్కించు మోతాదు 0.5 మిల్లీలీటరు. అందులో అయిదవవంతు, అనగా 0.1 మిల్లీలీటరు మాత్రమే, చర్మపు పొరలో వేసిరి. కావలివారున్న చోటనే చేరుటచే కొద్దిపాటి మందును పనిచేయును. కాని దీనికి చేతినేర్పు కావలెను. సూది కొంచెము లోతుగా దిగినను మందు పొరను దాటిపోవును.

అట్లయిన మందును చర్మముపై పూసిన చాలదా యని మీ రడుగవచ్చును. మిరపకాయలు కోయువారి చేతులు మండుట గుంటూరు సీమ పిల్లలెల్లరు నెరుగుదురు. కాయలోని ఘాటుపదార్థపు అణువులు మిక్కిలి చిన్నవి, కొవ్వులో కరగునవి. కనుక అవి పైపొరను దాటిపోగలవు. టీకా కణములు వానికంటె ఎన్నో రెట్లు పెద్దవి. వానికి దారి చేయవలెను.

ఆ దారి చేయునవే సూక్ష్మసూదులు. ప్రత్తి తీయువారి వ్రేళ్ళను ఎండిన కాయమొనలు గీరును. ఈ సూదులు ఆ మొనలకంటె పొట్టివి. ఒక మిల్లీమీటరైనను పొడవుండవు. చిన్న పట్టీపై వానిని వరుసలుగా అమర్చి, మందును వానియందే ఎండబెట్టుదురు. పట్టీని మణికట్టుపై అదిమిన, సూదులు చర్మపు తేమలో కరగి మందును విడుచును. లోతునకు పోవు గనుక నొప్పి స్వల్పము. అమెరికాలోని అట్లాంటా నగరమున జార్జియా టెక్ శాస్త్రజ్ఞులు 1990ల చివరినుండి వీనిపై కృషి చేసిరి. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా దేశమున తట్టు, రుబెల్లా టీకాను ఇట్లు శిశువులకు ఇచ్చి పరీక్షించిరి. అందు వాడిన టీకా మన పూనాలో తయారైనది. సూదిమందుతో సమానముగా రక్షణ కలిగినదని 2024లో ప్రకటించిరి.

దీనివలన మనకేమి ప్రయోజనము? మిరపకాయల రంగు చెడకుండ గుంటూరులో శీతల గిడ్డంగులలో దాచుదురు. టీకాలకును 2 నుండి 8 డిగ్రీల చల్లదనము తప్పదు. కోతకాలమున పడమటి మెట్టప్రాంతములనుండి కుటుంబములు పసిబిడ్డలతో వలసవచ్చి చేలకడ గుడిసెలు వేసికొనును. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు టీకా వేయవలసిన దినమున తల్లి ఏ చేనిలో నుండునో! ఎండిన పట్టీ వేడికి ఎక్కువ ఓర్చును; వేయుటకు పెద్ద నేర్పక్కరలేదు. అది చేనిగట్టు వరకు నడచిపోగలదు.

కాని పట్టీ ఇంకను పరీక్షలలోనే యున్నది. తట్టు దాని రాకకై వేచియుండదు. కావున చదువుకొన్న బాలబాలికలు వలసవచ్చిన తల్లులకు టీకా దినమును గుర్తుచేసి, ఆరోగ్యకేంద్రమునకు దారి చూపుడు. అంతవరకు మీరే ఆ బిడ్డలకు కావలి.