వార్తల్లో పదం: లో-టి

జిమ్ కబుర్లలో, ఫోన్‌లో రీల్స్ మధ్య ఈమధ్య తరచూ వినిపిస్తున్న మాట ‘లో-టి’. అంటే మగవాళ్లలో టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ తగ్గిపోవడం. వైద్యుల భాషలో హైపోగోనాడిజం.

1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్న్‌స్ట్ లాకూర్ బృందం ఆంబోతు వృషణాల నుంచి ఈ హార్మోన్‌ను వేరుచేసి పేరు పెట్టింది. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి కబురు పెడితే వృషణాలు దీన్ని తయారుచేస్తాయి. లోపం కబురు పెట్టేచోటైనా ఉండొచ్చు, తయారయ్యేచోటైనా ఉండొచ్చు. ఊబకాయం, మధుమేహం ఉన్నవాళ్లలోనూ తగ్గుతుంది.

నీరసంగా ఉందని లో-టి అనుకోలేం. రాత్రంతా ఫోన్ చూసినవాడికీ పొద్దున నీరసమే! అమెరికన్ యూరాలజీ సంఘం లెక్క ప్రకారం లో-టి అనాలంటే డెసీలీటరు రక్తంలో టెస్టోస్టిరాన్ 300 నానోగ్రాములలోపు ఉండాలి. అదీ వేర్వేరు రోజుల్లో పొద్దున్నే చేసిన రెండు పరీక్షల్లో. కోరికలు సన్నగిల్లడం, అంగస్తంభన లోపం లాంటి లక్షణాలూ తోడవ్వాలి. సాయంత్రానికి ఈ హార్మోన్ సహజంగానే తగ్గుతుంది కాబట్టి ఆ వేళ పరీక్షను నమ్మలేం.

అసలు చిక్కు చికిత్సగా ఇచ్చే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్‌తోనే. బయటి నుంచి హార్మోన్ అందగానే పిట్యూటరీ ‘సరిపడా ఉందిలే’ అనుకుని కబురు ఆపేస్తుంది. దాంతో వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాల సంఖ్య పడిపోతుంది, ఒక్కోసారి అవి అసలే కనిపించవు. మగతనం కోసం వేయించుకున్న సూది తండ్రి కావడానికే అడ్డుపడుతుందన్నమాట.

పిల్లలు కావాలనుకునేవారు మొదటి సూదికి ముందే ఆ మాట డాక్టరుతో చెప్పండి.